పళ్ళ డాక్టరు దగ్గర మా పెన్నులు

మౌసు నొక్కితే గీత పడే రోజుల్లో ఉద్యోగాలకొచ్చిన పిల్లలూ, మీకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. నవ్వండి, అందుకే రాస్తున్నాను. మా రోజుల్లో గీత గీయాలంటే ముందు పెన్నుకు ఒంట్లో బాగుండాలి. పొద్దున్నే దాని కడుపు నింపాలి, భోజనానికి వెళ్తూ మూత పెట్టి పడుకోబెట్టాలి, సాయంత్రం మూతి తుడవాలి, శనివారం శనివారం గోరువెచ్చటి నీళ్ళతో తలంటు పోయాలి. నా బిడ్డల్ని కూడా నేను అంత శ్రద్ధగా పెంచలేదు. మా పెద్దవాడు ఇప్పటికీ ఆ మాట మీద నన్ను దెప్పుతుంటాడు.

నేను ఎనిమిదో తరగతి మధ్యలోనే చదువుకు దండం పెట్టేశాను. ఆ రోజు నాకు పెద్ద బాధేమీ కలగలేదు, మా మాస్టర్లకైతే పండగే. నేను క్లాసులో ఉన్నంత కాలం వాళ్ళ పాఠం ఒక పక్క, నా వ్యాఖ్యానం ఒక పక్క నడిచేవి. మా ఇల్లు వర్తూరులో. అప్పటికి వర్తూరు ఇంకా ఊరే, ఇప్పట్లాగా ట్రాఫిక్ జాముకు పెట్టిన పేరు కాదు. చదువు లేకపోయినా నా చేతిరాత గుండ్రంగా, గీత తిన్నగా ఉంటుందని తెలిసినవాళ్ళు చెబితే, జిగణిలో రేకులు నొక్కి వంచే ప్రెస్సు మిషన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీవాళ్ళు నన్ను ట్రేసరుగా తీసుకున్నారు.

ట్రేసరు అంటే ఏమిటంటారా? ఇంజనీరు పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. దాని మీద పల్చటి ట్రేసింగు పేపరు పరిచి, అదే బొమ్మను మేము నల్ల ఇంకుతో గీయాలి. ఆ పేపరును ప్రింటు మిషన్లో పెడితే వెలుతురు దాని గుండా పోతుంది, గీత ఉన్నచోట ఆగుతుంది, ఆగినచోటే అచ్చు పడుతుంది; అమ్మోనియా ఘాటుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు. ఇంజనీరు తప్పు చేస్తే రబ్బరుతో పోతుంది. మేము తప్పు చేస్తే బ్లేడుతో గీకాలి. కొంచెం ఎక్కువ గీకామంటే పేపరుకు కిటికీ తెరుచుకుంటుంది.

ఇక పెన్ను. దానికి పాళీ ఉండదు. మూతి దగ్గర సన్నటి గొట్టం, గొట్టంలో వెంట్రుకలాంటి తీగ, తీగ వెనకాల చిన్న బరువు. పెన్నును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఆ బరువు టిక్కు టిక్కుమనాలి. అంటే ప్రాణం ఉన్నట్టు. చప్పుడు రాకపోతే లోపల ఇంకు ఎండిపోయి, తీగ గొట్టానికి అతుక్కుపోయినట్టు. సన్న గీతకు ఒక పెన్ను, లావు గీతకు ఒక పెన్ను, మధ్య రకాలకు వేరే. వాడనప్పుడు మూత బిర్రుగా పెట్టాలి, తీగను మాత్రం ఎప్పుడూ బయటికి లాగకూడదు. ఈ ఉద్యోగంలో శాస్త్రమంటే ఇంతే. మిగతాదంతా స్టూలు ఎత్తు సరిచేసుకోవడం.

మా ట్రేసింగు గదిలో ఉండేది ఇద్దరం ఆడపిల్లలమే, అక్కా నేనూ. తోడబుట్టిన అక్క కాదు. నెల్లూరు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, నాకంటే ముందు చేరింది, పని నేర్పింది, అందుకని అక్క. నేను పది మాటలు మాట్లాడితే ఆమె ఒకటి మాట్లాడేది, ఆ ఒక్కటీ నా పదింటినీ మింగేసేది. మా ఇద్దరి మీద చీఫు డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన. ఆనేకల్లు మనిషి, తెలుగూ కన్నడమూ కలిపి ముద్ద చేసి మాట్లాడేవాడు. పనిమంతుడు, మంచివాడు, భక్తి మాత్రం కొంచెం పొంగి పొర్లేది. ఆయన గోడ మీద ఉన్న దేవుళ్ళ క్యాలెండర్లకు చోటు చాలక, రెండు మూడు మా గదిలోకి కూడా వచ్చాయి.

ఆ ఏడు దసరాకు ముందు మా ఎం.డి. గదిలోకి వచ్చాడు. చిత్తూరు వైపు మనిషి. ఆయన కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు ఫ్యాక్టరీలో ఎవరూ లేరు. నిలబడే మాట్లాడతాడు, నడుస్తూనే సంతకాలు పెడతాడు. మా డ్రాయింగులు రెండు వరసగా ఆలస్యమయ్యాయని ఆయనకు కోపం.

"ఈ కొత్త ప్రెస్సు డ్రాయింగు గూడా లేటైతే ట్రేసింగు పని బయటికి ఇచ్చేస్తా. సిటీలో చేసేవాళ్ళు శానామంది ఉండారు. మీరిద్దరూ ప్యాకింగుకు పోండి" అన్నాడు.

ప్యాకింగు షెడ్డంటే మిషన్లను చెక్కపెట్టెల్లో పెట్టి, సందుల్లో గడ్డి కుక్కి, మేకులు కొట్టే చోటు. అక్కడ అందరూ మంచివాళ్ళే, కాకపోతే కుర్చీ ఉండదు. అక్క దగ్గర ట్రేడు సర్టిఫికెట్టు ఉంది, ఆమెను ఇంకో ఫ్యాక్టరీ తీసుకుంటుంది. నా సంగతి అలా కాదు. ఎనిమిదో తరగతి మధ్యలో లేచి వచ్చినదాన్ని పిలిచి కుర్చీ వేసిన చోటు లోకంలో ఆ గది ఒక్కటే. ఆ గది పోతే నేను మళ్ళీ చదువు మానేసిన పిల్లనే. ఆ రాత్రి ఇంట్లో దాని మీద కూడా జోకు వేద్దామని చూశాను, రాలేదు.

ప్రెస్సు కొనేవాళ్ళు పండగ మర్నాడు సాయంత్రం వస్తారు, అప్పటికి ప్రింట్లు వాళ్ళ చేతిలో ఉండాలి. ఆయుధపూజ నాటికి ముప్పాతిక భాగం ఇంకు చేసేశాం. మిగిలింది ఇద్దరం కూర్చుంటే ఒక్క పూట పని. కాబట్టి ధైర్యంగానే ఉన్నాం.

బెంగళూరు ఫ్యాక్టరీల్లో ఆయుధపూజంటే మీకు తెలుసు కదా. లేతు మిషన్లకు అరటి పిలకలు కడతారు, లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ పగలగొడతారు, అందరికీ బొరుగులూ మిఠాయీ పంచుతారు. ఆ ఏడు చీఫుగారు తన చుట్టాల తరఫున ఒక కొత్త పురోహితుణ్ణి పిలిపించాడు. వయసులో చిన్నవాడు, ఉత్సాహంలో చాలా పెద్దవాడు. మిషన్లన్నీ అయ్యాక చివరికి మా గదికి వచ్చాడు. తెల్లగుడ్డ పరిచి, పెన్నులు వరసగా పేర్చి, పక్కన స్కేళ్ళు, సెట్ స్క్వేర్లు పెట్టి మేము సిద్ధంగా ఉన్నాం. ఆయన చూసి మొహం చిట్లించాడు.

"ఏం సామీ, ఆయుధాలన్నీ ఒరలోనే పండుకోని ఉండాయే. ఒరలో ఉండే కత్తికి పూజ చేస్తే ఫలం ఒరకు పోతాది. మూతలు తీయండి."

నేను గట్టిగా నవ్వేశాను, జోకనుకుని. చీఫుగారు నవ్వలేదు. ఆయన అప్పటికే ఒక మూత తీసేశాడు. అక్క ఒక అడుగు ముందుకు వేసింది.

"బొట్టు పెడితే మా ప్రభువు ఏమీ అనుకోడండీ. మూత తీస్తే మాత్రం నేను అనుకుంటాను" అంది.

"ఒక్క దినం కదమ్మా. అమ్మవారు చూసుకుంటాది" అన్నాడు చీఫు.

అమ్మవారి పేరు ఎత్తాక ఎవరేం మాట్లాడతారు? అందరం తలో మూతా తీశాం. పురోహితుడు ఒక్కో పెన్ను మూతికీ చిక్కటి గంధం అద్దాడు. గంధం మీద కుంకుమ. కుంకుమ మీద పసుపు. దాని మీద తీర్థం చిలకరించాడు, అంతా చక్కగా లోపలికి దిగాలని కాబోలు. పునఃపూజ అయ్యేదాకా ఏదీ కదిలించకూడదని చెప్పాడు. చీఫుగారు గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి రోజు విజయదశమి, సెలవు. నోళ్ళు తెరుచుకుని, గంధం పూసుకుని, ఫ్యాను కూడా లేని గదిలో మా పెన్నులు హాయిగా ఎండాయి.

సెలవు తర్వాత పొద్దున్నే పూజ ముగించి, దండం పెట్టి, నా పెన్ను తీసి చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు. ఇంకోటి ఊపాను. అదీ మౌనమే. అక్క తనవి ఊపింది. ఇద్దరం చెవుల దగ్గర పెన్నులు ఆడిస్తూ నిలబడ్డాం, గోలీసోడా సీసాలు అమ్మేవాళ్ళలాగా. చీఫుగారు మా మొహాలు చూసి, తనూ ఒకటి తీసుకుని ఊపి, రెండో చెవి దగ్గర కూడా ఊపి చూశాడు, మొదటి చెవి మీద నమ్మకం లేక.

తర్వాత ఒక గంట వైద్యం జరిగింది. కొళాయి కింద పెట్టాం. క్యాంటీన్ నుంచి వేడినీళ్ళు తెచ్చాం. నోటితో ఊదాం. గంధం సిమెంటులాగా గట్టిపడింది. ఆ తొందరలో చీఫుగారు, మాకు వందసార్లు వద్దని చెప్పిన పనిని తనే చేశాడు. అన్నిటికంటే సన్న పెన్ను తీగను బయటికి లాగాడు. అది వచ్చింది. వచ్చి, మంగలి షాపు నేల మీద పడిన వెంట్రుకలాగా వంకర తిరిగింది. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

కొత్తవి స్టోర్లో ఉన్నాయి. స్టోరు తాళంచెవి స్టోరు కీపరు దగ్గర ఉంది. స్టోరు కీపరు పండక్కి సొంత ఊరు వెళ్ళాడు. సిటీలో ఎవెన్యూ రోడ్డుకు వెళ్ళి కొనుక్కురావాలంటే జిగణి నుంచి పోను రాను పగలంతా అయిపోతుంది, పైగా పండగ మర్నాడు ఏ కొట్టు తెరుస్తారో ఏ కొట్టు తెరవరో. చీఫుగారి మొహంలో రక్తం లేదు. ఆ మొహాన్ని చూడలేక నా నోరు ఊరుకోలేదు.

"పళ్ళ డాక్టరుకు చూపిద్దాం సార్, నోరు మూసుకుపోయింది కదా" అన్నాను.

నా దవడ పన్నుకు కిందటి నెలే ఆనేకల్లు రోడ్డులో సిమెంటు పెట్టించుకున్నాను. ఆ డాక్టరు దగ్గర ఒక స్టీలు తొట్టి ఉండేది. మందు నీళ్ళు పోసి పనిముట్లు అందులో వేసి మీట నొక్కితే, తొట్టి జుమ్మని వణికి సందుల్లో మురికంతా దులిపేస్తుంది. అది గుర్తొచ్చి అన్నమాటే తప్ప, నా మట్టుకు అది జోకే. అక్క నా వైపు తిరిగింది.

"ఆ తొట్టి ఎంత వెడల్పుంటుంది?" అని అడిగింది.

చేతులతో చూపించాను. ఆమె పెన్నుల్ని రుమాల్లో మూట కట్టింది. జీవితమంతా జోకులు వేశాను పిల్లలూ, వాటిలో ఫ్యాక్టరీ టెంపో ఎక్కి బయల్దేరిన జోకు అదొక్కటే.

డాక్టరు దగ్గర జనం బాగానే ఉన్నారు. పండగ మిఠాయిలు తిన్న పళ్ళన్నీ ఆ పొద్దు అక్కడే ఉన్నాయి. మేము వరసలో కూర్చున్నాం. పక్కన ఒక ముసలావిడ చెంప పట్టుకుని, మీ ఇద్దరిలో నొప్పి ఎవరికని అడిగింది. ఈ మూటలో ఉన్నవాళ్ళకని చెప్పాను. ఆవిడ నవ్వబోయి, నొప్పి లేచి, నన్ను తిట్టి, మళ్ళీ నవ్వింది. మా వంతు ఆవిడ తర్వాత. ఇంత నవ్వించినదాన్ని ముందు పంపమని తనే లేచి చెప్పింది.

లోపల కుర్చీలో ఒకాయన అప్పటికే నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. చెంప బూరెలాగా ఉబ్బింది, మెడకు గుడ్డ కట్టి ఉంది. మత్తు ఎక్కేదాకా డాక్టరుకు కాస్త తీరిక. అక్క మూట విప్పింది. డాక్టరు ఒక పెన్ను తీసి, లైటు కింద పెట్టి, చిన్న అద్దంతో దాని మూతిలోకి చూశాడు.

"యెవరప్పా దీనికి గంధం పూసింది?" అన్నాడు.

విషయం చెప్పాం. ఆయన భుజాలు ఎగిరేటట్టు నవ్వాడు. మనిషి పళ్ళు చూసీ చూసీ విసిగి ఉన్నాడేమో, ఆ పెన్నులు చూసి పసిపిల్లాడైపోయాడు. విడదీయగలిగినంత విడదీసి అన్నిటినీ తొట్టిలో వేసి మీట నొక్కాడు. తొట్టి జుమ్మంది. మేము ముగ్గురం తలలు వంచి చూస్తున్నాం. ముందు నల్లటి దారాలు తేలాయి. తర్వాత కుంకుమ దిగింది. ఆ నీళ్ళలో సబ్బు మందేదో ఉంది, పసుపు కూడా దానితో కలిసి పారాణిలాగా ఎర్రబడింది. చూస్తూ ఉండగానే తొట్టి నిండా చిక్కటి ఎరుపు.

కుర్చీలో ఆయన తల తిప్పి తొట్టిని చూశాడు. మొద్దుబారిన నాలుకతో, ఆ రక్తం ఎవరిదని అడిగాడు. డాక్టరు పెన్నుల మీద నుంచి చూపు తిప్పకుండానే మా ఇద్దరి వైపూ చెయ్యి చూపించి, "ఇదా, ఈళ్ళదే" అన్నాడు.

అంతే. కుర్చీ ఖాళీ. మెడకు కట్టిన గుడ్డతోనే, మత్తెక్కిన చెంపతోనే ఆయన బయటికి పరుగెత్తాడు. ఆయన వెనక హాల్లో ఉన్నవాళ్ళలో కూడా కొంతమంది పరుగెత్తారు. ముసలావిడ మాత్రం కదల్లేదు.

డాక్టరు ఖాళీ కుర్చీని చూసి, మమ్మల్ని చూసి, ఇంక మీకే కావాల్సినంత టైము ఉండాది అన్నాడు. నీళ్ళు మార్చి మళ్ళీ తిప్పాడు. పన్ను ఆరబెట్టే గాలి గొట్టంతో ఒక్కో మూతిలోకీ ఊదాడు. అక్క ఒక పెన్నును బిగించి చెవి దగ్గర ఊపింది. టిక్కు. నా చెవి దగ్గర పెట్టింది. టిక్కు టిక్కు. నేను డాక్టరు చెవి దగ్గర పెట్టాను. వంకర తీగదాన్ని తప్ప అన్నిటినీ ఆయన బతికించాడు.

భోజనాల వేళకు బోర్డు ముందు కూర్చున్నాం. ఆ షీటుకు ఎడమ వైపు నుంచి నేను, కుడి వైపు నుంచి అక్క. సన్న పెన్ను పోయింది కాబట్టి కొలతల గీతలన్నీ దాని తర్వాతి సైజుతోనే గీశాం, చేతిని కొంచెం తొందరగా నడిపిస్తే సన్నగానే పడుతుంది. మధ్యలో ఎక్కడో మా ఇద్దరి తలలూ తగిలేటప్పటికి బొమ్మ పూర్తి కావాలి. చీఫుగారు స్టూలు మీద కూర్చుని మా చేతుల్ని చూస్తూ, పెదవులతో ఏదో జపం చేసుకుంటున్నాడు. గట్టిగా జపించవద్దని మాత్రం అక్క చెప్పింది.

సాయంత్రం ఎండ కిటికీలోకి వచ్చినప్పుడు చీఫుగారు ఒక్కసారిగా అరిచాడు. అక్క చేతిలోని లావు పెన్ను గీతలు ఆ వెలుతురులో ఇటుక రంగులో కనిపిస్తున్నాయి. లోపల ఇంకా కుంకుమ ఉండిపోయింది. ప్రెస్సు మొత్తం నల్లగా ఉంది, దాని కాళ్ళకు మాత్రం పారాణి పెట్టినట్టుంది.

"ఎరుపైనా నలుపైనా వెలుతురును ఆపితే చాలండీ. ప్రింటుకు రంగు తెలీదు" అంది అక్క, గీయడం ఆపకుండా.

ఆయనకు ఆ సంగతి తెలుసు. రోజూ చేసే పనే. కానీ ఆ రోజు ఆయన కళ్ళ మీద ఆయనకే నమ్మకం లేదు. చివరి గీత ఆరాక ఒక ప్రింటు తీసి చూపించాం. గీతలన్నీ ఒకే రంగు, ఒకే ముదురు. ఆ ప్రింటును ఆయన ఎండకు పెట్టి ఇటూ అటూ తిప్పుతూ ఉండగా ఎం.డి. తలుపు తోసుకుని వచ్చాడు. వెనకాల టైమాఫీసు గుమాస్తా ఉన్నాడు. చెంప బూరెలాగా ఉంది, మెడకు గుడ్డ ఉంది. పొద్దున కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది ఈయనేనని అప్పుడు మేము గుర్తుపట్టలేదు కానీ, ఆయన మమ్మల్ని బాగానే గుర్తుపట్టాడు.

"ఎవరికమ్మా ఆపరేషను? తొట్టి నిండా రక్తం పోయిందంట. ఇంటికి పంపకుండా కూర్చోబెట్టి గీయిస్తా ఉండాడా ఈయన?" అన్నాడు ఎం.డి. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది.

నిజం చెబితే పూజ సంగతి వస్తుంది, పూజ సంగతి వస్తే చీఫుగారి సంగతి వస్తుంది. చెప్పకపోతే ఇద్దరం పని వదిలేసి ఊరు తిరిగొచ్చినట్టవుతుంది.

"ఆపరేషను పెన్నులకండీ" అంది అక్క. "ఆయుధపూజకు మూతలు తీశాం. గంధం పట్టేసింది. పళ్ళ డాక్టరుగారు తీశారు. ఆ ఎరుపు కుంకుమ."

"మూతలు తీయమని ఎవరు చెప్పినారు?"

చీఫుగారు నోరు తెరిచాడు. అక్క ఆయనకు అవకాశం ఇవ్వలేదు.

"అందరం తీశామండీ."

నేను తల ఊపాను. గుమాస్తా, పాపం, మాట తిరగని నోటితోనే అది రక్తం కాదా అని అడిగాడు. కాదని చెబితే ఆయనకు ఊరటకు బదులు ఉక్రోషం వచ్చినట్టు కనిపించింది. ఎం.డి. బోర్డు దగ్గరికి వెళ్ళి వంగి షీటును చూశాడు. ఎర్ర గీతలు చూశాడు. చీఫుగారి చేతిలోంచి ప్రింటు లాక్కుని చూశాడు. మళ్ళీ షీటు, మళ్ళీ ప్రింటు. నేను ప్యాకింగు షెడ్డు వాసన కూడా ఊహించుకున్నాను, గడ్డీ చెక్కపొట్టూ.

తర్వాత ఆయన అక్క చేతిలోని లావు పెన్ను తీసుకుని, షీటు మూలన ఆమోదానికి ఉన్న గడిలో సంతకం పెట్టాడు. అదీ ఇటుక రంగులోనే పడింది. పెన్ను తిరిగి ఇచ్చి, గుమాస్తాను ఇంటికి పంపించి, గుమ్మం దాకా నడిచి ఆగాడు.

"ఆ గేరుబాక్సు డ్రాయింగు ఎప్పుడిస్తారు?"

"ఎల్లుండండీ" అంది అక్క.

"ఎల్లుండి కాదు, రేపు కావాల" అని వెళ్ళిపోయాడు.

ప్యాకింగుకు పోయేవాళ్ళను గేరుబాక్సు డ్రాయింగు ఎప్పుడిస్తారని ఎవరూ అడగరు. ఆ సంగతి మా ముగ్గురికీ ఒక్కసారే తట్టింది. ముందు చీఫుగారి పొట్ట నవ్వుకు కదిలింది. నాకు నవ్వు ముక్కులోంచి వచ్చేస్తోంది. అక్క పెదాలు బిగబట్టి, మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని వరండాలోకి ఈడ్చుకెళ్ళి, తలుపు మూసింది. బోర్డు మీద ఆయన సంతకం ఇంకా ఆరలేదు.